హాల్లో వచ్చిన 55 శాతం, ఆన్‌లైన్‌లో వచ్చిన 55 శాతం ఒకటేనా?

మా బ్రిడ్జ్ క్లబ్‌లో ఈ ఏడాది వాట్సాప్ గ్రూపులో జరిగినంత గొడవ టేబుల్ దగ్గర ఎప్పుడూ జరగలేదు. వారంలో ఒక సాయంత్రం హాల్లో ఆడతాం, ఇంకో సాయంత్రం ఆన్‌లైన్‌లో ఆడతాం. ఇప్పటిదాకా రెండింటికీ వేర్వేరు లిస్టులు, ఏడాది చివర వేర్వేరు కప్పులు. ఇప్పుడు కమిటీ వాళ్ళు రెండూ కలిపేద్దాం అంటున్నారు. ఎవరు ఎక్కడ ఆడినా సరే, ఏడాదిలో వచ్చిన బెస్ట్ 20 స్కోర్ల సగటు తీసి ఒకే లిస్టు, ఒకే కప్పు. దానికి తోడు నెలకోసారి హాల్లో కొందరు, ఇంట్లో లాప్‌టాప్ ముందు కొందరు ఒకే టైముకి అవే బోర్డులు ఆడి, రిజల్టు కూడా కలిపి వేస్తారట.

నేను కలపొద్దు అనేవాళ్ళలో ఉన్నాను. కాకపోతే గ్రూపులో మిగతావాళ్ళు చెప్తున్న కారణం వేరు, నాది వేరు. అక్కడ నాలుగు లైన్లలో రాస్తే ఎవరికీ ఎక్కలేదు కాబట్టి ఇక్కడ కాస్త సాగదీసి రాస్తున్నాను.

ముందు బ్రిడ్జ్ తెలియనివాళ్ళ కోసం. ఇద్దరేసి జోడీలుగా నలుగురు ఆడే పేకాట ఇది. నలుగురూ తలో ముక్క వేసే ఒక్కో చుట్టు ఒక ట్రిక్కు. ఎన్ని ట్రిక్కులు గెలుస్తామో ముందు వేలంపాటలా చెప్పుకుంటాం, అదే బిడ్డింగ్. చివరికి నిలిచిన బిడ్డే కాంట్రాక్టు, ఆ తర్వాతే ఆట. మనవైపు పేకాట అంటే రమ్మీ, కాదంటే మూడు ముక్కలాట, రెండూ డబ్బుతోనే అని జనం లెక్క. క్లబ్‌కి వెళ్ళొచ్చానంటే మా పెద్దమ్మ ఇప్పటికీ "ఎంత పోయిందిరా?" అనే అడుగుతుంది. పోయేది టేబుల్ ఫీజు తప్ప ఇంకేమీ ఉండదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జోడీ ఇదే ఆటలో మన దేశానికి బంగారు పతకం తెచ్చింది. 2023లో హాంగ్‌జౌలో మన మగవాళ్ళ టీము వెండి పతకం తెచ్చింది. ఇంకా పాత సంగతి ఒకటుంది. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటే అని తేల్చింది. రమ్మీలో అదృష్టం పాత్ర ఎంత అంటే బ్రిడ్జ్‌లో ముక్కలు పంచడంలో ఉన్నంత అని అప్పుడే పోల్చి చెప్పింది కూడా.

ఆ పంచడంలో ఉన్న అదృష్టాన్ని కూడా చాలావరకు తీసేయడానికి పుట్టిందే డూప్లికేట్ బ్రిడ్జ్, అంటే మేం క్లబ్‌లో ఆడేది. పంచిన ముక్కలు ఆట అయ్యాక కలిపేయం. నాలుగు చేతులూ, అంటే నలుగురి ముక్కలూ, అలాగే బోర్డు అనే చిన్న ట్రేలో పెట్టి పక్క టేబుల్‌కి పంపుతాం. కాబట్టి నాకు నాలుగు ఆసులు పడినా నాకు ఒరిగేదేమీ లేదు, పక్క టేబుల్లో నా దిక్కున కూర్చున్న మనిషికీ అవే నాలుగు ఆసులు వస్తాయి. అవే ముక్కలతో నేను అతనికంటే ఎంత బాగా ఆడాను అన్నదే లెక్క. అవే ముక్కలతో నాకంటే తక్కువ తెచ్చుకున్న ప్రతి జోడీకీ నాకు 2 పాయింట్లు, సమానంగా వచ్చిన ప్రతి జోడీకీ 1. అన్ని బోర్డులవీ కూడి శాతంగా మారుస్తారు. దీన్నే మ్యాచ్‌పాయింట్లు అంటాం.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, మా గ్రూపులో ఎవరూ దీన్ని పట్టించుకోవడం లేదు. ఈ లెక్క ప్రకారం ఏ సాయంత్రమైనా, ఏ ఫీల్డ్‌లో (కలిసి పోటీపడే గుంపులో) అయినా, ఆడినవాళ్ళందరి సగటు ఎప్పుడూ సరిగ్గా 50 శాతమే. ప్రపంచ చాంపియన్లు ఇరవై మంది కూర్చుని ఆడినా 50. మొన్ననే తురుపు అంటే ఏంటో నేర్చుకున్న ఇరవై మంది ఆడినా 50. అంటే 58 శాతం వచ్చిందంటే నేను బాగా ఆడానని కాదు, ఆ సాయంత్రం ఆ గదిలో ఉన్నవాళ్ళకంటే బాగా ఆడానని. గది మారితే ఆ 58కి అర్థం మారిపోతుంది.

ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) రాసిన పిల్లలున్న తల్లిదండ్రులకి ఇది వెంటనే అర్థమవుతుంది. పరీక్ష చాలా సెషన్లలో పెడతారు, ఒక సెషన్ పేపర్ కష్టం, ఒకటి తేలిక, అందుకని మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు. మా వాడికి అన్యాయం జరిగింది అని ప్రతి ఏడాదీ గొడవే, అయినా మొత్తం మీద ఆ పద్ధతి నిలబడుతుంది. ఎందుకంటే ఒక్కో సెషన్‌లో వేలమంది ఉంటారు, తెలివైనవాళ్ళందరూ పొద్దున సెషన్‌కి, మిగతావాళ్ళు మధ్యాహ్నం సెషన్‌కి అని ఎవరూ విడదీయరు. మా క్లబ్‌లో ఒక్కో సాయంత్రం ఉండేది ఇరవై ముప్ఫై మంది. పైగా ఎవరు ఎక్కడ ఆడాలన్నది వాళ్ళే ఎంచుకుంటారు. బెంగళూరుకి మారిపోయిన గట్టి ఆటగాళ్ళు ఆన్‌లైన్‌లోకే వస్తారు, వాళ్ళకి వేరే దారి లేదు. ఎనభై దాటి మెట్లు ఎక్కలేక ఇంటి నుంచి ఆడే పెద్దలూ అక్కడే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పక్కన ఎవరైనా ఉండి చెబుతారని హాలుకి వస్తారు. ఇలా తమంతట తాము విడిపోయిన రెండు గుంపుల శాతాల్ని పక్కపక్కన పెట్టి సగటు తీస్తే వచ్చే అంకెకి ఏ అర్థం చెప్పాలో నాకు తెలియడం లేదు.

బెస్ట్ 20 అనేదానిలో ఇంకో చిన్న మెలిక ఉంది. రెండు చోట్లా ఆడే మనిషికి ఏడాదికి దాదాపు వంద స్కోర్లు ఉంటాయి, అందులోంచి బెస్ట్ 20 ఏరుకుంటాడు. హాలుకి మాత్రమే వచ్చే మనిషి యాభైలోంచి ఏరుకోవాలి. ఇద్దరూ సరిసమానంగా ఆడేవాళ్ళే అయినా మొదటివాడి బెస్ట్ 20 సగటు దాదాపు ఖాయంగా పైన ఉంటుంది. ఇందులో ఆట గొప్పతనం ఏమీ లేదు, ఎక్కువసార్లు ప్రయత్నిస్తే మంచి రోజులూ ఎక్కువే ఉంటాయి. దీన్ని కమిటీలో లెక్కలు చదువుకున్నవాళ్ళు కూడా గమనించకపోవడం నాకు ఆశ్చర్యం.

ఇక గ్రూపులో అందరూ పట్టుకున్నది మోసం సంగతి. "ఆన్‌లైన్‌లో ఎవరు ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారో ఎవరు చూశారు?" అని ఒకరు, "అంటే మేమంతా దొంగలమా?" అని ఇంకొకరు. భార్యాభర్తలు జోడీగా ఒకే ఇంట్లోంచి ఆడేవాళ్ళు మా దగ్గర ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళు బాధపడ్డారు, నిజంగానే బాధపడాల్సిన మాటలే అవి. మోసం ఆన్‌లైన్‌తో పుట్టిందేమీ కాదు. 2015లో బోయె బ్రోగెలాండ్ అనే నార్వే ఆటగాడు మొదలుపెట్టిన తవ్వకంలో ప్రపంచంలో పేరున్న జోడీలే బయటపడ్డాయి. ఒక జోడీ విషయంలో, బోర్డుని టేబుల్ మీద ఎటువైపు పెడుతున్నారన్నదే పార్ట్‌నర్‌కి ఏ రంగు ముక్క వేయాలో చెప్పే సంకేతమని వీడియోలు చూసి పట్టుకున్నారు. అది పెద్ద హాల్లో, పార్ట్‌నర్లు ఒకరికొకరు కనబడకుండా మధ్యలో తెర అడ్డుపెట్టి, కెమెరాల ముందు జరిగింది. 2020లో అందరం ఇళ్ళలో కూర్చున్నప్పుడు కొందరు పెద్ద ఆటగాళ్ళు వేరే ఐడీతో ప్రేక్షకుల్లా లాగిన్ అయి నాలుగు చేతులూ చూసుకున్నామని తామే ఒప్పుకున్న మాటా నిజమే. క్లబ్ ఆటల్లో ప్రేక్షకులకి తలుపు మూసేస్తే ఆ దారి పోతుంది. ఫోన్‌లో మాట్లాడుకునే దారి పోదు. దాన్ని ఏ రూలూ ఆపలేదు. అలాంటివాళ్ళు ఎవరో చివరికి స్కోర్లే చెబుతాయి, కాస్త ఆలస్యంగా.

నన్ను అడిగితే పెద్ద మోసాలకంటే చిన్న సౌకర్యాలే ఎక్కువ తేడా తెస్తాయి. హాల్లో ఆట మధ్యలో నా సొంత సిస్టమ్ నోట్సు (ఏ బిడ్‌కి ఏ అర్థమో రాసుకున్న కాగితం) నేను చూసుకోకూడదు, అది రూలు. పార్ట్‌నర్ నాలుగు నో ట్రంప్ అని బిడ్ చెప్పి నా ఆసులెన్నని అడిగాడు, నా దగ్గర ఎన్ని ఆసులుంటే ఏం చెప్పాలో గుర్తులేదు, హాల్లో అయితే చెమటలు పట్టాల్సిందే. ఇంట్లో అయితే లాప్‌టాప్ పక్కనే కాగితం. దాన్ని మోసం అని చాలామంది అనుకోరు కూడా. సరే, కాగితం లేదనుకున్నా సాఫ్ట్‌వేర్ చేసే సాయం ఎంతో ఉంది. హాల్లో మొదటి ముక్క పడగానే బిడ్డింగ్ కార్డులు పెట్టెలోకి వెళ్ళిపోతాయి, ఎవరు ఏం చెప్పారో గుర్తుపెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో బిడ్డింగ్ అంతా ఒక మూల కనిపిస్తూనే ఉంటుంది. హాల్లో ఇస్పేటు వేయాల్సిన చోట, చేతిలో ఇస్పేటు ఉండగానే పొరపాటున కళావరు వేసేస్తాం, దాన్ని రివోక్ అంటారు, దానికి ఒకటో రెండో ట్రిక్కులు అవతలివాళ్ళకి ఇచ్చుకోవాలి. మన వంతు కాకుండా ముక్క వేస్తాం, ముందు చెప్పినదానికంటే ఎక్కువ కాని బిడ్ చెబుతాం, ఆట నడిపే డైరెక్టర్ రూల్‌బుక్ పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. స్క్రీన్ మీద ఇవేవీ చేద్దామన్నా చేయలేం, మౌస్ ఒప్పుకోదు.

అన్నీ ఆన్‌లైన్‌కే లాభం అనుకోకండి. మౌస్ జారి పక్క ముక్క మీద పడితే కొన్ని చోట్ల తిరిగి తీసుకోవడానికి ఉండదు. నెట్ పోతుంది, టైము అయిపోతుంది, ఆడని బోర్డుకి సిస్టమ్ ఏదో స్కోర్ ఇచ్చేస్తుంది. ఇంకో విషయంలో మాత్రం ఆన్‌లైన్ ఆటే శుభ్రంగా ఉంటుందని ఒప్పుకోవాలి. అక్కడ నా బిడ్‌కి అర్థం నేనే టైప్ చేసి ప్రత్యర్థులకి చెబుతాను, నా పార్ట్‌నర్‌కి అది కనబడదు. హాల్లో నా బిడ్ గురించి నా పార్ట్‌నర్ వివరిస్తుంటే, అతను దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో నాకు తెలిసిపోతుంది. తెలిసింది వాడుకోకూడదు అని రూలుంది, కానీ తెలియనట్టు ఆడటం మానవమాత్రులకి ఎంత కష్టమో ఆడేవాళ్ళకి తెలుసు. ఇక పార్ట్‌నర్ ఆలోచించి, నిట్టూర్చి, కళ్ళజోడు సర్దుకుని పాస్ అంటే అందులో ఎంత సమాచారం ఉంటుందో! స్క్రీన్ మీద ఆలస్యమైతే ఆలోచనో, నెట్టో, వంటింట్లో కుక్కర్ విజిలో ఎవరికి తెలుసు.

ఈ తేడాల్లో ఏదీ అన్యాయం కాదు, ఆ మాట గట్టిగానే చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఆడే అందరికీ అదే సాయం ఉంది, హాల్లో అందరికీ అదే ఇబ్బంది ఉంది. ఎవరి ఫీల్డ్‌లో వాళ్ళ మధ్య పోటీ సమంగానే ఉంది. ఆ రెండు ఫీల్డులని తెచ్చి ఒకే లిస్టులో పోసినప్పుడే తకరారు.

ఏడాది సగటు సంగతి వదిలేసి, నెలకోసారి ఒకే బోర్డులు రెండు చోట్లా ఆడే పద్ధతి చూద్దాం. ఇది ఇంకొంచెం నయం, ముక్కలు అవే కాబట్టి పోలికకి కనీసం ఒక ఆధారం ఉంది. ఒక బోర్డు తీసుకుందాం. హాల్లో ఆరు టేబుళ్ళు. ఉత్తర దక్షిణాల జోడీలకి నాలుగు ఇస్పేట్ల కాంట్రాక్టులో (ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు చేయాలి) నాలుగు చోట్ల 420 వచ్చింది, ఒక చోట ఒక ట్రిక్కు ఎక్కువ చేసి 450, ఒక చోట ఒక ట్రిక్కు తక్కువై మైనస్ 50. 420 తెచ్చుకున్నవాళ్ళకి సరిగ్గా 50 శాతం, 450కి నూటికి నూరు. ఆన్‌లైన్‌లో నాలుగు టేబుళ్ళు, అక్కడ ముగ్గురు 450 చేశారు, ఒకరు 420. అక్కడ ఆ 420కి సున్నా, 450కి దాదాపు 67. ఇప్పుడు పది రిజల్టులూ కలిపేస్తే 420 వచ్చిన ఐదుగురికీ 33, 450 వచ్చిన నలుగురికీ 83. హాల్లో బుద్ధిగా 420 చేసుకున్నవాళ్ళు కూర్చున్నచోటే 17 శాతం పోగొట్టుకున్నారు, ఆన్‌లైన్‌లో అదే 420తో సున్నా తెచ్చుకున్నవాళ్ళకి 33 కలిసొచ్చింది.

ఇందులో తప్పేముంది, ఎక్కువమందితో పోలిస్తే స్కోరు ఇంకా నమ్మకంగా ఉంటుంది కదా అని మా సెక్రటరీ గారి వాదన. ఆన్‌లైన్‌వాళ్ళు నిజంగానే బాగా ఆడి ఆ ఎక్కువ ట్రిక్కు చేసుంటే ఆయన చెప్పింది వంద శాతం కరెక్టు. కానీ ఆ ట్రిక్కు వాళ్ళు చేశారా, వాళ్ళ ప్రత్యర్థులు ఇచ్చారా? నా స్కోరు నా ఆట మీదే కాదు, నాకు ఎదురు కూర్చున్నవాళ్ళ ఆట మీద కూడా ఆధారపడుతుంది. హాల్లో జోడీలు ఆన్‌లైన్ జోడీలకి ఒక్క బోర్డులో కూడా ఎదురుపడలేదు.

దీనికి బ్రిడ్జ్‌లో ఎప్పటి నుంచో జవాబు ఉంది, అదే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది. జోడీల్ని టేబుళ్ళ మధ్య తిప్పే మిచెల్ మూవ్‌మెంట్ అనే పద్ధతిలో ఉత్తర దక్షిణాలవాళ్ళు కూర్చున్నచోటే ఉంటారు, తూర్పు పడమరలవాళ్ళు టేబుల్ టేబుల్‌కీ కదులుతారు. ఒక లైనువాళ్ళు ఇంకో లైనువాళ్ళ ముక్కలు ఎప్పుడూ పట్టుకోరు. అందుకే ఆ రాత్రి గెలిచినవాళ్ళు ఇద్దరు, లైనుకొక జోడీ. ఒక్కరే గెలవాలంటే చివరి రౌండులో బోర్డుని తొంభై డిగ్రీలు తిప్పేస్తాం, అప్పుడు ఒకరి చేతులు ఇంకొకరికి వచ్చి రెండు లైన్లకీ కొంత పోలిక ఏర్పడుతుంది. దీన్ని యారో (బాణం) స్విచ్ అంటారు. అంటే ఒకే గదిలో, ఒకే టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళనే ఒకే లిస్టులో వేయడానికి మన పెద్దలు ఇంత ఆలోచించారు. అలాంటిది ఒకరినొకరు చూడనైనా చూడని రెండు ఫీల్డుల్ని ఒకే లిస్టులో వేస్తామంటే ఎలా? శాతాలు కలిపి లెక్కకట్టండి, నాకూ సరదాగానే ఉంటుంది. విజేతలు మాత్రం హాల్లో లైనుకొకరు, ఆన్‌లైన్‌లో లైనుకొకరు.

ప్రపంచ బ్రిడ్జ్ ఫెడరేషన్ ఏటా వరల్డ్ వైడ్ బ్రిడ్జ్ కాంటెస్ట్ పెట్టి దేశదేశాల క్లబ్బులు అవే బోర్డులు ఆడేలా చేస్తోంది కదా అని ఒకరు గ్రూపులో గుర్తుచేశారు. నిజమే. వందల బల్లల రిజల్టులు కలిసేసరికి ఒక్కో చోట ఉండే వింతలు సర్దుకుపోతాయి. అది పండగలాంటిది, దాన్ని చూపించి ఎవరూ తమ క్లబ్ చాంపియన్ ఎవరో తేల్చుకోరు. మా పది టేబుళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

కమిటీ బాధ నాకు అర్థం కాక కాదు. హాలు అద్దె పెరుగుతోంది, టేబుళ్ళు తగ్గుతున్నాయి, ఆన్‌లైన్‌వాళ్ళని రెండో తరగతి సభ్యుల్లా చూస్తున్నామన్న మాట కొంతవరకు నిజం. మా దగ్గర ఒక పెద్దాయన న్యూజెర్సీలో ఉన్న కూతురితో జోడీగా ఆడతారు. ఎండాకాలంలో మాకు సాయంత్రం ఆరున్నర అయితే ఆవిడకి పొద్దున తొమ్మిది, ఆఫీసు మీటింగుల మధ్యలో సర్దుకుని ఆడుతుంది. వాళ్ళిద్దరికీ కప్పు రావాలని నాకు ఎవరికంటే ఎక్కువే ఉంది. వాళ్ళ కప్పు వాళ్ళకి ఇవ్వండి, హాల్లో కప్పు ఎంత పెద్దదో అంత పెద్దది, అదే రోజు, అదే స్టేజీ మీద.

బయట ఎలా చేస్తున్నారో చూసినా ఇదే కనిపిస్తుంది. అమెరికన్ బ్రిడ్జ్ సమాఖ్య గెలిచినవాళ్ళకి ఇచ్చే మాస్టర్ పాయింట్లకి రంగులు పెట్టింది, క్లబ్‌లో గెలిస్తే నలుపు, సెక్షనల్ అనే స్థానిక టోర్నమెంట్లలో వెండి, పెద్ద టోర్నమెంట్లలో బంగారం, ఇలా. లైఫ్ మాస్టర్ అనే హోదా రావాలంటే మొత్తం పాయింట్లు చాలవు, ఫలానా రంగువి ఇన్ని ఉండాలి. అంటే అన్నీ కూడతారు, కానీ ఏది ఎక్కడ సంపాదించిందో చెరపరు. ఇంగ్లండ్‌లో నడుస్తున్న నేషనల్ గ్రేడింగ్ స్కీమ్ ఇంకో దారి పట్టింది, శాతాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకుండా పార్ట్‌నర్ స్థాయి, ప్రత్యర్థుల స్థాయి చూసి సవరిస్తుంది. అలాంటి సవరణ మనమూ చేయగలిగితే కలపడానికి నేనూ రెడీ.

చేయొచ్చా అంటే, కొంతవరకు చేయొచ్చనే అనుకుంటున్నాను. అదే పార్ట్‌నర్‌తో రెండు చోట్లా ఆడే జోడీలు మాకు కొన్ని ఉన్నాయి. వాళ్ళకి హాల్లో వచ్చే సగటు ఎంత, ఆన్‌లైన్‌లో వచ్చే సగటు ఎంత, ఆ తేడా ఏడాదంతా ఒకేవైపు ఉందా చూస్తే ఏ ఫీల్డ్ ఎంత గట్టిదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. హాల్లో 54 వచ్చే జోడీలన్నీ ఆన్‌లైన్‌లో 50 దగ్గర ఆగుతుంటే, నేరుగా కలపడం వల్ల ఎవరికి నష్టమో వేరే చెప్పక్కర్లేదు. కాగితం, సాఫ్ట్‌వేర్ లాంటి తేడాలు కూడా ఆ అంకెలోనే కలిసి వచ్చేస్తాయి, విడివిడిగా కొలవాల్సిన పనిలేదు. జోడీలు తక్కువ కాబట్టి అంకె మీద అతి నమ్మకం పెట్టుకోలేం, అయినా వాట్సాప్ ఫార్వర్డులకంటే నయం.

జనరల్ బాడీ మీటింగ్‌కి ఇంకా టైముంది. స్కోర్లన్నీ కమిటీ దగ్గర ఎక్సెల్‌లో ఉన్నాయి, అడిగాను, పేర్లు తీసేసి ఇస్తామన్నారు. మా క్లబ్‌వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ లెక్క వేసే ఓపిక మీకుంటే నాకు మెసేజ్ పెట్టండి, ఫైలు రాగానే పంపిస్తాను. కలపాలనే పక్షంవాళ్ళు వేస్తే ఇంకా మంచిది.